యూనిక్స్ షెల్‌లో ఫోర్క్, ఎగ్జెక్: ప్రక్రియల సృష్టి, పరివర్తనలపై చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

యూనిక్స్ కుటుంబానికి చెందిన ఆపరేటింగ్ సిస్టమ్‌లలో షెల్ ఒక ఆదేశాన్ని అమలుచేయడానికి రెండు వేర్వేరు పనులు చేస్తుంది. మొదట తనకు ప్రతిరూపమైన కొత్త ప్రక్రియను సృష్టిస్తుంది. ఆ తరువాత ఆ ప్రతిరూపంలో ఉన్న ప్రోగ్రాము స్థానంలో మరొక ప్రోగ్రాము వచ్చి చేరుతుంది. ఈ విభజనను ముందుగా ఆలోచించి చేసిన రూపకల్పనగా బోధించడం పరిపాటి. పీడీపీ-7 అనే చిన్న యంత్రంలో అప్పటికే ఉన్న సదుపాయాలనుంచి ఇది పుట్టిందనీ, దాని ప్రయోజనాలు ఒక్కొక్కటిగా తరువాత బయటపడ్డాయనీ, అందుకు చెల్లించవలసిన మూల్యం ఇంకా తరువాత తెలిసివచ్చిందనీ ఈ వ్యాసం నిరూపించే ప్రయత్నం చేస్తుంది.

కీలకపదాలు: యూనిక్స్, షెల్, ప్రక్రియ, ఫోర్క్, ఎగ్జెక్, పీడీపీ-7, జీనీ, వీఫోర్క్.

1. ప్రవేశిక

వాడుకరి తెరపై 'ఎల్‌ఎస్' అని టైపు చేసి ఎంటర్ నొక్కగానే ఫైళ్ల జాబితా కనిపిస్తుంది. ఈ రెప్పపాటు వ్యవధిలో షెల్ 'ఫోర్క్' అనే సిస్టమ్ కాల్ ద్వారా తన నకలును తయారుచేస్తుంది. అప్పటినుంచి ఒకే ప్రోగ్రామును ఒకే చోటునుంచి కొనసాగిస్తున్న ప్రక్రియలు రెండుంటాయి. ఫోర్క్ ఇచ్చే ఫలితం ఒక్కటే వాటిని వేరుచేస్తుంది: పిల్ల ప్రక్రియకు సున్నా, తల్లి ప్రక్రియకు ఆ పిల్ల సంఖ్య అందుతాయి. పిల్ల ప్రక్రియ 'ఎగ్జెక్' అనే మరో కాల్‌తో తనలోని షెల్ ప్రోగ్రామును వదిలి 'ఎల్‌ఎస్' ప్రోగ్రామును నింపుకుంటుంది. తల్లి 'వెయిట్' కాల్‌తో దాని ముగింపుకోసం ఎదురుచూస్తుంది.

ఇక్కడ 'ప్రక్రియ' అన్న మాట గురించి ఒక వివరణ అవసరం. సాహిత్య విద్యార్థికి ప్రక్రియ అంటే నవల, కథ, శతకం వంటి రచనారూపం. ఈ వ్యాసంలో ఆ మాటకు అమలులో ఉన్న ప్రోగ్రాము అని అర్థం. తన మెమరీ, తెరిచి ఉంచిన ఫైళ్లు, గుర్తింపుసంఖ్య అన్నీ దానిలో భాగాలే. ప్రోగ్రాము వేరు, ప్రక్రియ వేరు. ఎగ్జెక్ జరిగినప్పుడు ప్రక్రియ సంఖ్య మారదు, తెరిచిన ఫైళ్లు సాధారణంగా అలాగే ఉంటాయి, లోపల నడిచే ప్రోగ్రాము మాత్రం మారిపోతుంది. మన కథల్లోని పరకాయప్రవేశం దీనికి దగ్గరి ఉపమానం: దేహం అదే, అందులో చేరిన జీవుడు వేరు.

కొత్త ప్రోగ్రామును నడపడమే లక్ష్యమైనప్పుడు, మరుక్షణంలో పారవేయబోయే నకలును ముందుగా తయారుచేయడం దేనికి? 'ఈ ప్రోగ్రాముతో ఒక కొత్త ప్రక్రియను సృష్టించు' అనే ఒకే కాల్ సరిపోదా? తరగతిగదిలో తెలివైన విద్యార్థి తప్పక వేసే ప్రశ్న ఇది. దీనికి సాంకేతిక సమాధానాలు అనేకం ఉన్నాయి. అవి ఈ పద్ధతివల్ల కలిగే మేలును చెబుతాయి గాని, పద్ధతి ఎలా వచ్చిందో చెప్పవు. రెండో ప్రశ్నకు సమాధానం చరిత్రలో వెతకాలి.

ఇందుకు ప్రధాన ఆధారం యూనిక్స్ నిర్మాతల్లో ఒకరైన డెనిస్ రిచీ 1979లో సిడ్నీలో జరిగిన సదస్సులో సమర్పించిన, యూనిక్స్ పరిణామాన్ని వివరించే పత్రం. సంఘటనలు జరిగిన దాదాపు పదేళ్లకు, ఆ వ్యవస్థ విజయం సాధించాక రాసినది కనుక దానిని జాగ్రత్తగా చదవాలి. అయితే రిచీ తన బృందానికి అనవసరమైన గొప్పతనాన్ని ఆపాదించుకునే రచయిత కాడు. పొరపాట్లనే ఎక్కువ ఇష్టంగా చెబుతాడు. పీడీపీ-7 యూనిక్స్ అసెంబ్లీ పాఠాన్ని పాత ముద్రిత ప్రతులనుంచి ఔత్సాహికులు 2016లో పునరుద్ధరించడంతో ఆయన మాటలను మూలంతో పోల్చిచూసే వీలు కూడా కలిగింది.

2. 'ఫోర్క్' అనే మాట

ఫోర్క్ యూనిక్స్‌తో పుట్టలేదు. మెల్విన్ కాన్వే 1963లో బహుళ ప్రాసెసర్ల వ్యవస్థపై ప్రచురించిన పత్రంలో ఫోర్క్, జాయిన్ అనే జంటను ప్రతిపాదించాడు. అక్కడ ఫోర్క్ అంటే దారి చీలిక. ఒకే ప్రోగ్రాములో నియంత్రణ రెండు దారులుగా చీలి, రెండు ప్రాసెసర్లపై సమాంతరంగా సాగి, జాయిన్ దగ్గర మళ్లీ కలుస్తుంది. మెమరీకి నకలు తీయడం అనే భావన అందులో లేదు.

తరువాతి మజిలీ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ ప్రాంగణం. అక్కడి జీనీ ప్రాజెక్టు ఎస్‌డీఎస్ 930 యంత్రాన్ని మార్చి కాలవిభజన వ్యవస్థను నిర్మించింది. బట్లర్ లాంప్సన్, పీటర్ డాయిచ్ అందులో ముఖ్యులు. తరువాత యూనిక్స్‌ను సృష్టించిన కెన్ థాంప్సన్ ఆ రోజుల్లో బర్క్‌లీలోనే విద్యార్థి. జీనీలో ఫోర్క్ అనే కాల్ ఉంది. తాము అమలుచేసిన ఫోర్క్ సారాంశంలో జీనీలోనిదేనని రిచీ రాశాడు. నాలుగు దశాబ్దాలపాటు ఆ మాటను ఎవరూ పెద్దగా ప్రశ్నించలేదు.

2019లో ఆండ్రూ బౌమన్, జొనాథన్ అప్పావూ, ఓరన్ క్రీగర్, తిమోతి రాస్కో కలిసి ప్రచురించిన విమర్శపత్రం ఇక్కడ ఒక ముఖ్యమైన భేదాన్ని ఎత్తిచూపింది. జీనీలో ఫోర్క్ చేసే ప్రక్రియ, పిల్లకు ఏ మెమరీ ఇవ్వాలో తానే నిర్దేశించవచ్చు. ఏమీ చెప్పకపోతే తల్లీపిల్లలు ఒకే మెమరీని పంచుకుంటాయి. కావాలంటే పూర్తిగా వేరే మెమరీ ఇవ్వవచ్చు. తల్లి మెమరీని మొత్తంగా నకలు తీసి ఇచ్చే సదుపాయం మాత్రం లేదు. యూనిక్స్ ఫోర్క్‌లో అసలు లక్షణమే ఆ నకలు. కాబట్టి రిచీ వాక్యాన్ని సవరించుకుని చదవాలి: పేరూ, 'ఒక ప్రక్రియ మరొకదానిని పుట్టిస్తుంది' అన్న భావమూ జీనీనుంచి వచ్చాయి, నకలు మరెక్కడినుంచో వచ్చింది. ఎక్కడినుంచో తెలియాలంటే ఫోర్క్ లేని యూనిక్స్‌ను చూడాలి.

3. ఫోర్క్ లేని షెల్

అంతకుముందు షెల్ గురించి కొంత. ఆదేశాలను చదివి అమలుచేసే పనిని కెర్నెల్‌నుంచి విడదీసి ఒక మామూలు ప్రోగ్రాముకు అప్పగించాలన్న ఆలోచన ఎంఐటీలో పుట్టింది. లూయీ పూజాఁ సీటీఎస్‌ఎస్ వ్యవస్థకు రన్‌కామ్ అనే సాధనాన్ని రాశాడు. మల్టిక్స్‌కోసం 1965లో రాసిన పత్రంలో 'షెల్' అన్న పేరు పెట్టాడు. ఆ వ్యవస్థకు మొదటి షెల్‌ను నిర్మించినది గ్లెండా ష్రోడర్. అయితే మల్టిక్స్‌లో వాడుకరి లాగిన్ అయినప్పుడు ఒక ప్రక్రియ ఏర్పడుతుంది. అతడి ఆదేశాలు ఆ ప్రక్రియలోనే, ఒక ఫంక్షన్‌ను పిలిచినట్లుగా నడుస్తాయి. ఆదేశానికొక ప్రక్రియ అనే పద్ధతి అక్కడ లేదు.

బెల్ ల్యాబ్స్ 1969లో మల్టిక్స్‌నుంచి తప్పుకొంది. థాంప్సన్‌కు దొరికిన పీడీపీ-7లో 18 బిట్ల పదాలు 8 వేలు మాత్రమే ఉండేవి. యంత్రానికి టెర్మినళ్లు రెండు, ప్రక్రియలూ రెండు, టెర్మినల్‌కు ఒకటి చొప్పున. ఆ షెల్ పనితీరును రిచీ ఇలా వివరించాడు. షెల్ తన తెరిచిన ఫైళ్లన్నీ మూసి, టెర్మినల్‌ను తిరిగి తెరిచి, ఒక ఆదేశాన్ని చదువుతుంది. ఆ ఆదేశపు ఫైలును తెరుస్తుంది. మెమరీ పైభాగంలోకి ఒక చిన్న ప్రోగ్రామును నకలు చేసి, అందులోకి దూకుతుంది. ఆ బుల్లి ప్రోగ్రాము ఆదేశపు ఫైలును షెల్ ఉన్న చోటనే, షెల్‌పైనే చదివి నింపి దానిని మొదలుపెడుతుంది. ఆదేశం ముగిసి 'ఎగ్జిట్' అనగానే కెర్నెల్ డిస్కునుంచి ఒక తాజా షెల్‌ను తెచ్చి మళ్లీ అదే చోట నింపుతుంది.

అంటే ఎగ్జెక్ చేసే పని, ఆ పేరు లేకుండానే, ముందే ఉంది. అదీ కెర్నెల్‌లో కాదు, షెల్ చేతిలో. సృష్టి లేకుండా పరివర్తన మాత్రమే ఉన్న దశ ఇది. ప్రతి ఆదేశానికీ షెల్ తన ఉనికిని వదులుకుని, తిరిగి మొదటినుంచి పుట్టేది.

4. ఇరవై ఏడు పంక్తులు

ఈ స్థితినుంచి నేటి పద్ధతికి రావడానికి ఒకటి రెండు రోజులే పట్టిందని రిచీ సాక్ష్యం. ప్రక్రియల పట్టిక అప్పటికే ఉంది, అందులో గళ్లు పెంచితే చాలు. రెండు ప్రక్రియలూ ఒకేసారి మెమరీలో పట్టవు కనుక ఒకదానిని డిస్కుకు పంపి మరొకదానిని తెచ్చుకునే మార్పిడి యంత్రాంగం అప్పటికే పనిచేస్తోంది. నడుస్తున్న ప్రక్రియను ఆ యంత్రాంగంతోనే డిస్కు మీదికి రాసి, పట్టికలో కొన్ని సవరణలు చేస్తే రెండు ప్రతులవుతాయి, ఒకటి డిస్కుమీద, ఒకటి మెమరీలో. ఇందుకు పట్టినది సరిగ్గా 27 పంక్తుల అసెంబ్లీ అని ఆయన లెక్క. పునరుద్ధరించిన పాఠంలోనూ ఈ క్రమమే కనిపిస్తుంది: పట్టికలో ఖాళీ గడికోసం వెతకడం, ప్రక్రియ సంఖ్యను ఒకటి పెంచడం, డిస్కుకు రాయడం.

పై ప్రశ్నకు సమాధానం ఇక్కడ దొరుకుతుంది. నకలు ఒక సిద్ధాంతంనుంచి రాలేదు. మార్పిడికోసం ఎలాగూ డిస్కుకు రాయవలసిన ప్రతినుంచి వచ్చింది. ఆ యంత్రంలో నకలే అత్యంత చవకైన మార్గం. సృష్టినీ పరివర్తననూ కలిపిన ఒకే కాల్‌ను తయారుచేయడం అంతకంటె కష్టమయ్యేదనీ, ఎగ్జెక్ అనేది కెర్నెల్‌లో లేనేలేదనీ, ఆ పని షెల్ స్వయంగా చేసుకుంటోందనీ రిచీయే చెప్పాడు. ఎగ్జెక్ సిస్టమ్ కాల్‌గా మారిన స్థితి పీడీపీ-11కు చెందిన 1971 నవంబరునాటి మొదటి మాన్యువల్‌లో కనిపిస్తుంది. అప్పటికి ఫోర్క్, ఎగ్జెక్, వెయిట్ మూడూ స్థిరపడ్డాయి.

5. కొత్త పద్ధతి తెచ్చిన చిక్కులు

పూర్వాలోచనతో వచ్చిన రూపకల్పనే అయితే దాని పర్యవసానాలు నిర్మాతలకు ముందే తెలిసి ఉండాలి. జరిగింది వేరు.

ఫోర్క్ పనిచేయగానే సంతోషపడుతున్న సమయంలో, ప్రస్తుత డైరెక్టరీని మార్చే 'సీహెచ్‌డిర్' ఆదేశం పనిచేయడం మానేసింది. ఫోర్క్ దానిని ఎలా పాడుచేసిందో తెలియక కోడంతా తిరగేశారు. కోడ్‌లో తప్పేమీ లేదు. పాత పద్ధతిలో టెర్మినల్‌కు ఉన్నది ఒకే ప్రక్రియ కనుక ఆ ఆదేశం దాని డైరెక్టరీనే మార్చేది. కొత్త పద్ధతిలో అది తనకోసం పుట్టిన పిల్ల ప్రక్రియ డైరెక్టరీని నిక్షేపంలా మార్చి, వెంటనే ముగిసిపోయేది. తల్లి అయిన షెల్ ఉన్నచోటనే ఉండేది. దాంతో ఆ ఆదేశాన్ని షెల్‌లోపలే అమలుచేయవలసివచ్చింది. నేటికీ 'సీడీ' షెల్‌లో అంతర్భాగంగానే ఉంది. మాక్ఓఎస్ వంటి కొన్ని వ్యవస్థల్లో ప్రమాణాల నియమం నెరవేర్చడానికి 'సీడీ' పేరుతో విడి ఫైలు కూడా ఉంటుంది. దానిని నడిపితే 1969నాటి చిక్కును ఇంట్లోనే కళ్లారా చూడవచ్చు.

రెండో చిక్కు ఇంకా లోతైనది. ఫైలులో ఎంతవరకు రాశామో తెలిపే స్థానసూచిక అప్పట్లో ప్రక్రియలోనే ఉండేది. రెండు ఆదేశాలు ఉన్న ఒక ఫైలును షెల్‌కు ఇచ్చి, ఫలితాన్ని మరో ఫైలులోకి మళ్లించారనుకుందాం. మొదటి ఆదేశపు పిల్ల ప్రక్రియ తన ఫలితాన్ని రాసి ముగుస్తుంది. తల్లి షెల్ తానుగా ఏమీ రాయలేదు కనుక దాని సూచిక ఇంకా సున్నా దగ్గరే ఉంటుంది. రెండో పిల్లకు అదే సున్నా నకలుగా అందుతుంది. అది మొదటి ఫలితంపైనే రాసి దానిని చెరిపేస్తుంది. దీని పరిష్కారంగా స్థానసూచికలను ప్రక్రియలనుంచి వేరుచేసి, వ్యవస్థ మొత్తానికి ఒక ఉమ్మడి పట్టికలో ఉంచారు. నకలు తీయడంలో దేనిని నకలు తీయాలి, దేనిని పంచుకోవాలి అన్న ప్రశ్న ఈ విధంగా మొదటిసారి ఎదురైంది.

ఆ పంచుకోవడంలోనే ఒక చమత్కారం కూడా దాగి ఉంది. థాంప్సన్ షెల్‌లో 'గోటూ' ఒక విడి ప్రోగ్రాము. అది ఆదేశాల ఫైలులో కావలసిన గుర్తు దగ్గరికి స్థానసూచికను జరిపి ముగిసేది. సూచిక ఉమ్మడిది కనుక తల్లి షెల్ తరువాతి ఆదేశాన్ని అక్కడినుంచే చదివేది. పిల్ల తల్లి డైరెక్టరీని మార్చలేదు గాని, తల్లి చదివే చోటును మార్చగలదు!

పిల్ల ముగింపుకోసం ఎదురుచూసే పద్ధతి కూడా తాత్కాలిక ఏర్పాటుగానే మొదలైంది. వెయిట్ కాల్ మొదట లేదు. ప్రక్రియల మధ్య సందేశాలు పంపే ఒక సదుపాయం ఉండేది. షెల్ పిల్లకు ఒక సందేశం పంపి, అది తీసుకునేంతవరకు ఆగిపోయేది. పిల్ల దానిని ఎన్నడూ చదవదు. అది ముగియగానే 'ఆ ప్రక్రియ లేదు' అన్న దోషసూచన షెల్‌కు అందేది. అదే ఆదేశం పూర్తయిందనడానికి గుర్తు. పిల్ల పొరపాటున సందేశాన్ని చదివితే ఈ ఏర్పాటు తలకిందులవుతుంది. తరువాత సందేశాలను తొలగించి వెయిట్‌ను పెట్టారు.

6. రెండు కాల్‌ల నడుమ

ఇంత అనుకోకుండా వచ్చిన పద్ధతి నిలవడానికి కారణం ఫోర్క్‌లోనూ లేదు, ఎగ్జెక్‌లోనూ లేదు. ఆ రెండింటి మధ్యనున్న సందులో ఉంది. ఫోర్క్ అయిన తరువాత, ఎగ్జెక్‌కు ముందు, పిల్ల ప్రక్రియలో నడుస్తున్నది ఇంకా షెల్ కోడే. కొత్త ప్రోగ్రాముకు కావలసిన పరిసరాలను అది అక్కడే, మామూలు కాల్‌లతోనే సిద్ధం చేయగలదు. ఫలితాన్ని ఫైలులోకి మళ్లించాలంటే పిల్ల తన 1వ సంఖ్య ఫైలును మూసి, కావలసిన ఫైలును తెరుస్తుంది. ఖాళీగా ఉన్న అతిచిన్న సంఖ్య ఇవ్వడం యూనిక్స్ నియమం కనుక, సున్నా వాడుకలో ఉన్నంతవరకు కొత్త ఫైలుకు 1 దక్కుతుంది. తరువాత ఎగ్జెక్. వచ్చిన ప్రోగ్రాముకు తన ఫలితం తెరకు పోతోందో ఫైలుకు పోతోందో తెలియనవసరం లేదు. తల్లి షెల్ తెర చెక్కుచెదరదు.

ఆదేశం చివర '&' గుర్తు ఉంటే షెల్ చేయవలసిందల్లా ఎదురుచూడకపోవడమే. డగ్ మెక్‌ల్రాయ్ చాలాకాలంగా కోరుతున్న పైపులు 1973లో యూనిక్స్‌లో చేరినప్పుడూ ఇదే సందు ఉపయోగపడింది. షెల్ పైపును తెరిచి, రెండు పిల్లలను పుట్టిస్తుంది. ఒకటి రాసే కొసను, మరొకటి చదివే కొసను తమ ప్రామాణిక సంఖ్యలకు అమర్చుకుంటాయి. పేరులేని ఆ పైపు అప్పట్లో వంశపారంపర్యంగా తప్ప మరో ప్రక్రియకు అందేది కాదు. ఫోర్క్ నకలు లేకుంటే దాని కొసలను అందించడానికి మరొక యంత్రాంగం కనిపెట్టవలసివచ్చేది. ఒకే కాల్‌తో ప్రక్రియను సృష్టించే విండోస్‌లో ఇలాంటి కోరికలన్నీ ముందే పరామితులుగా పేర్కొనవలసి ఉండడం గమనార్హం. అక్కడి 'క్రియేట్ ప్రాసెస్' కాల్‌కు పది పరామితులుండగా, ఫోర్క్‌కు ఒక్కటీ లేదు.

7. నకలు ఖరీదు

నకలు చవకగా ఉండడానికి కారణమైన పరిస్థితి ఎంతోకాలం నిలవలేదు. బర్క్‌లీ బృందం వ్యాక్స్ యంత్రంపై వర్చువల్ మెమరీతో 1979 చివర 3బీఎస్‌డీని విడుదల చేసింది. ప్రక్రియలు అప్పటికి పెద్దవయ్యాయి. వెంటనే పారవేయబోయే మెమరీని పేజీ పేజీగా నకలు తీయడం భారమైంది. అందుకే అందులో 'వీఫోర్క్' అనే కాల్ చేరింది. ఇది నకలు తీయదు. పిల్లకు తల్లి మెమరీనే అరువిస్తుంది. పిల్ల ఎగ్జెక్ గాని ఎగ్జిట్ గాని చేసేంతవరకు తల్లి కదలదు. ఈలోగా పిల్ల ఒక చరరాశిని మారిస్తే తల్లిలోనూ మారుతుంది. మెమరీని పంచుకోవడం జీనీలో సహజ స్థితి. అదే ఇక్కడ ప్రమాదకరమైన మినహాయింపుగా తిరిగివచ్చింది.

ఇది తాత్కాలికమనీ, సరైన పంపకపు యంత్రాంగం రాగానే తొలగిస్తామనీ 1983నాటి 4.2బీఎస్‌డీ మాన్యువల్ ప్రకటించింది. ఆ యంత్రాంగం తెలియనిది కాదు. రెండు ప్రక్రియలూ ఒకే పేజీని చూస్తూ, ఎవరైనా రాయబోయినప్పుడే ఆ ఒక్క పేజీకి నకలు తీసే పద్ధతి 1970ల తొలినాళ్లలోనే టెనెక్స్‌లో ఉంది. యూనిక్స్ రకాల్లో అది క్రమంగా వ్యాపించింది. అయినా వీఫోర్క్ అంతరించలేదు. పోసిక్స్ ప్రమాణం 2008 కూర్పులో దానిని తొలగించినా లైనక్స్‌లో అది ఇప్పటికీ ఉంది. పేజీల నకలు వాయిదా పడినా, పేజీల పట్టికలను నకలు తీయక తప్పదు. ప్రక్రియ పెద్దదైనకొద్దీ ఆ ఖర్చూ పెరుగుతుంది.

థ్రెడ్‌లు వచ్చాక చిక్కు మరో రూపం తీసుకుంది. అనేక థ్రెడ్‌లు ఉన్న ప్రక్రియ ఫోర్క్ చేస్తే పిల్లలో ఉండేది ఒక్క థ్రెడ్ మాత్రమే. మిగిలిన థ్రెడ్‌లు వేసిన తాళాలు మాత్రం మెమరీతోపాటు నకలుగా వస్తాయి. తాళం ఉంది, తీసేవారు లేరు. 2019నాటి విమర్శపత్రం ఈ దోషాలన్నింటినీ పేర్కొని, ఫోర్క్‌ను గతకాలపు అవశేషంగా బోధించాలనీ, 'పోసిక్స్ స్పాన్' వంటి సంయుక్త కాల్‌లకు మారాలనీ వాదించింది. దోషాల విషయంలో ఆ రచయితలతో విభేదించడం కష్టం. కాని స్పాన్‌కు వెంట ఇచ్చే 'ఫైలు చర్యల' జాబితాను చూస్తే, ఈ ఫైలును మూయి, ఆ ఫైలును తెరువు, ఈ సంఖ్యను ఆ సంఖ్యకు మార్చు అంటూ ఫోర్క్, ఎగ్జెక్‌ల నడుమ షెల్ చేసే పనులనే ముందుగా రాసి ఇస్తున్నామని తెలుస్తుంది. జాబితాలో లేని పని అవసరమైతే ప్రమాణం మారేవరకు ఆగాలి. పైగా రెడిస్ వంటి డేటాబేసులు నేపథ్యంలో డిస్కుకు ప్రతి రాయడానికి ఫోర్క్ చేస్తాయి. ఎగ్జెక్‌తో పనిలేకుండా, ఒక క్షణంలోని మెమరీ స్థితే వాటికి కావాలి. డిస్కుకు రాయడంనుంచి పుట్టిన నకలు, డిస్కుకు రాయడానికే ఇక్కడ మళ్లీ వినియోగమవుతోంది.

ఫోర్క్‌కు ముందున్న పద్ధతి కూడా పూర్తిగా పోలేదు. నేటి ఏ షెల్‌లోనైనా 'ఎగ్జెక్ ఎల్‌ఎస్' అని టైపు చేస్తే షెల్ నకలు తీయకుండా తానే 'ఎల్‌ఎస్'గా మారిపోతుంది. జాబితా అచ్చయిన మరుక్షణం టెర్మినల్ మూసుకుపోతుంది. 1969లో అయితే కెర్నెల్ తాజా షెల్‌ను తెచ్చి ఆ చోట నింపేది. ఇప్పుడు ఆ పని చేసేవారు లేరు. ఒక్క ఆదేశం అమలుచేయడానికే బాష్‌ను పిలిచినప్పుడు ఆ షెల్ కూడా, తనకు ఇక వేరే పని లేదని గ్రహించి, ఫోర్క్ ఖర్చు మానుకుని నేరుగా ఎగ్జెక్ చేస్తుంది.